నీళ్ళ గురించి అడిగే నోరు నెట్టు గురించి ఎందుకు లేవదు?

మా తిరుపతిలో అద్దెకు ఇల్లు చూడబోతే మొదట అడిగే మాట "నీళ్ళెట్ల?" అని. గదులెన్ని, అద్దెంత, దేవుడి గూడు ఏ దిక్కున ఉంది, ఇవన్నీ దాని తర్వాతే. బోరు ఎన్ని అడుగులు వేశారు, సంపు ఉందా, మున్సిపాలిటీ నీళ్ళు రోజూ వదుల్తారా రోజు మార్చి రోజా, మోటారు స్విచ్చి ఎవరి దగ్గర ఉంటుంది... ఇవి అడగమని మనకెవరూ నేర్పలేదు. అమ్మ అడగగా విన్నాం, మనమూ అడుగుతున్నాం. కళ్యాణి డ్యాం ఎండితే ఏమవుతుందో, తెలుగుగంగ నీళ్ళు ఆలస్యమైతే ఏమవుతుందో చూసిన ఊరు కదా ఇది. సీమలో పుట్టిన ఆడదానికి నీళ్ళ లెక్క ఎక్కాలకన్నా ముందే వస్తుంది.

రెండున్నరేళ్ళ కింద కొర్లగుంట వైపు ఇప్పుడున్న ఇంటికి వచ్చేటప్పుడు కూడా ఈ ప్రశ్నలన్నీ అడిగాను. అన్నిటికీ మంచి జవాబులే వచ్చాయి. నెట్టు మాట మాత్రం నేను అడగలేదు. ఓనర్ గారే చెప్పారు. "వైఫై మాదే ఉండాదమ్మా. ఇంటికి 250 ఇస్తే చాలు. మీరు వేరేది పెట్టుకోబళ్ళా, గోడలు పగలగొట్టుకోబళ్ళా." నాకు సంతోషమైంది. ఒక బిల్లు తగ్గింది, ఒక తలనొప్పి తగ్గింది అనుకున్నాను. ఆ రోజు పడ్డ సంతోషానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మా బిల్డింగులో మూడంతస్తులు, అంతస్తుకు రెండు పోర్షన్లు. కింద ఒకదాంట్లో ఓనరు వాళ్ళు, మిగతా ఐదింట్లో మేము. మొదటి అంతస్తు మెట్ల మలుపులో కరెంటు మీటర్ల పక్కన ఒక ఇనుప పెట్టె ఉంది. దానికి తాళం. లోపల రౌటరు. బిల్డింగు మొత్తానికి నెట్టు అక్కడినుంచే. మా ఇల్లు రెండో అంతస్తులో వెనక వైపు. రౌటరుకూ మాకూ మధ్య ఒక శ్లాబు, రెండు గోడలు, ఒక ఇనుప తలుపు. హాల్లో సోఫా చివర కూర్చుంటే రెండు గీతలు వస్తాయి. వంటింట్లోకి పోతే ఒకటి. పడగ్గదిలో అదీ లేదు.

ఇదేమంత పెద్ద కష్టమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మొదట్లో నేనూ అట్లాగే అనుకున్నాను. సీరియల్ ఆగితే ఆగింది, వాట్సాప్ వీడియో తిరుగుతా ఉంటే తిరగనీ. తిరుపతిలో ఉంటామని మా చుట్టాలందరికీ ఒక భ్రమ కూడా ఉంది. పొద్దున పది గంటలకు 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజున హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఫోన్లు. "మీరు అక్కడే ఉండారు కదా, కొంచెం బుక్ చేయమ్మా." కొండ కింద ఉంటే నెట్టు కూడా స్వామికి దగ్గరగా ఉంటుందనుకుంటారేమో! పేర్లూ ఆధార్ నంబర్లూ కొట్టి, డబ్బు కట్టే పేజీ దగ్గరికి వచ్చేసరికి గుండ్రంగా తిరుగుతుంది. పది నిమిషాలకు కోటా అయిపోయింది అంటుంది. నవ్వుకుని వదిలేశాను.

నవ్వలేని సంగతి పోయిన ఏడాది మొదలైంది. నేను బీఏలో తెలుగు చదివాను. ఇరవై ఏళ్ళు ఆ చదువుతో పిల్లల హోంవర్కులు చేయించడం, పెళ్ళి శుభలేఖల్లో తప్పులు దిద్దడం తప్ప ఏమీ చేయలేదు. మా తోడికోడలికి తెలిసినవాళ్ళ పిల్లలు డాలస్‌లో ఉన్నారు, అన్నాచెల్లెళ్ళు, తెలుగు చదవడం రాయడం నేర్పమన్నారు. శని, ఆదివారాలు పొద్దున ఏడు గంటలకు క్లాసు. అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. వాళ్ళ చలికాలంలో గడియారాలు మారిస్తే ఏడున్నర. ఇద్దరికీ కలిపి నెలకు నాలుగు వేలు ఇచ్చేవాళ్ళు. నా చదువుకు వచ్చిన మొదటి సంపాదన అది. ఆ డబ్బుతో నేనేం కొన్నానో ఇక్కడ రాయను, కానీ ఎవరినీ అడక్కుండా కొన్నాను.

'ల'కూ 'ళ'కూ తేడా చెప్పడానికి నాలుక ఎట్లా మడవాలో నోరు తెరిచి చూపించాలి. నేను నోరు తెరుస్తాను, నెట్టు ఆగుతుంది. అక్కడ పిల్లలకు తెరిచిన నోటితో బొమ్మలా నేను. మొదటి రెండుసార్లు వాళ్ళు నవ్వారు. తర్వాత నవ్వలేదు, విసుక్కున్నారు. నేను ఫోన్ డేటాకు మారతాను, దాని సిగ్నలు మా వెనక గదుల్లో ఇంకా అన్యాయం. బాల్కనీలోకి పోయి నిలబడి పాఠం చెబితే ఎదురింటి మిక్సీ మోత. నాలుగు నెలలకు ఆ పిల్లల తల్లి మెసేజ్ పెట్టింది. "ఆంటీ, మీకు అక్కడ నెట్ ఇబ్బంది కదా, సమ్మర్ తర్వాత చూద్దాం." ఎంత మర్యాదగా చెప్పిందో పాపం! సమ్మర్ అయిపోయింది. తర్వాత అనేది రాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. నెట్టు రాకపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది, మేం ఐదిళ్ళ ఆడవాళ్ళం ఆ రెండేళ్ళూ ప్రవర్తించిన తీరు. పై పోర్షనులో కొత్తగా పెళ్ళైన అమ్మాయి ఇంటినుంచే ఉద్యోగం చేస్తుంది. "అక్కా, మీ పాప రాత్రంతా ఏదో చూస్తా ఉంటుంది, నాకు మీటింగ్ తెగిపోతా ఉంది" అంది ఒకరోజు. నాకు కోపం వచ్చింది. మా పాప చూసేది ఇంటరు పాఠాలు. నేను పోయి పక్క పోర్షను పెద్దక్కను అన్నాను, మీ అబ్బాయి గేములు ఆడకుండా ఉంటే అందరికీ వస్తుంది అని. ఆమె కింద ఇంటి వాళ్ళను అంది, టీవీలో కూడా నెట్టు పెట్టుకుని సినిమాలు చూస్తారని. పాస్‌వర్డు చుట్టాలకు చెప్పారని ఒకరి మీద ఒకరం అనుమానాలు. మెట్ల మీద ఎదురైతే మొహాలు తిప్పుకోవడం. ఒక సంక్రాంతికి ముగ్గుల దగ్గర కూడా మాటల్లేవు.

మా చిన్నప్పుడు చిత్తూరులో వీధి కొళాయి దగ్గర సరిగ్గా ఇవే మాటలు వినేదాన్ని. నీ బిందె ముందు పెట్టావు, నాకన్నా రెండు ఎక్కువ పట్టావు, మీ ఇంట్లో బట్టలు కూడా ఈ నీళ్ళతోనే ఉతుకుతారు. జుట్లు పట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. గంట నీళ్ళు వదలాల్సిన చోట ఇరవై నిమిషాలు వదిలి కట్టేసిన మనిషిని మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆయన సైకిలెక్కి దర్జాగా పోయేవాడు. బిందెలు పోయి రౌటర్లు వచ్చాయి. గొడవ మాత్రం అదే గొడవ, పడేది కూడా మనమే.

ఈ కళ్ళు నాకు తెరుచుకున్నది ఒక లైన్ అబ్బాయి వల్ల. వర్షానికి కేబులు పోయి మూడు రోజులు నెట్టు లేకపోతే అతను వచ్చాడు. ఓనరు వాళ్ళు ఊర్లో లేరు, పెట్టె తాళంచెవి నాకిచ్చి పోయారు. ఆ పిల్లాడికి మజ్జిగ ఇచ్చి పక్కనే నిలబడి అన్నీ అడిగాను. నాకు అర్థమైనంతలో చెబుతాను, మీ బిల్డింగుకూ పనికొస్తుంది.

ఆ పెట్టెలో ఉన్నది ఒకే ఒక్క ఇంటి కనెక్షను. 100 ఎంబీపీఎస్ ప్లాను. నెలకు 700, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 826 రూపాయలు. మేం ఐదిళ్ళం ఇచ్చేది 1250. అంటే ఓనరు వాళ్ళకు నెట్టు ఊరికే వచ్చి, పైన నెలకు 424 మిగులుతుంది. మిగలనీ, దాని గురించి నేను గొంతు చించుకోను. అసలు మోసం ప్లానులో ఉంది. దానికి నెలకు 500 జీబీ హద్దు. ఆరిళ్ళు వాడితే అది ఇరవయ్యో తారీఖుకల్లా అయిపోతుంది. ఆ తర్వాత వేగం 2 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. నెల చివర్లో నెట్టు రాదు, ఒకటో తారీఖు మళ్ళీ బాగుంటుంది, ఎందుకో ఏమో అని మేం జుట్టు పీక్కునేది ఇందుకన్నమాట!

ఈ 2 ఎంబీపీఎస్ సంగతి కొంచెం చూడండి. బ్రాడ్‌బ్యాండ్ అని పిలవాలంటే కనీసం ఎంత వేగం ఉండాలో కేంద్ర ప్రభుత్వమే చెబుతుంది. 2004లో 256 కేబీపీఎస్ అన్నారు. 2013లో 512 చేశారు. 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్. అది ఒక కనెక్షనుకు చెప్పిన మాట. దాన్ని ఆరిళ్ళకు పంచితే ఇంటికి 333 కేబీపీఎస్. అంటే ప్రతి నెలా ఇరవయ్యో తారీఖు తర్వాత మా బిల్డింగు మొత్తం 2004కూ 2013కూ మధ్య ఎక్కడో బతుకుతోంది. నిలకడగా ఒక వీడియో క్లాసు నడవాలంటే ఒకటి, ఒకటిన్నర ఎంబీపీఎస్ కావాలి. పై అమ్మాయి మీటింగు, మా పాప పాఠం, నా 'ళ'... ఇవి ఒకదాన్నొకటి తినేయక ఏం చేస్తాయి? పక్కింటి పిల్లాడి గేముదా తప్పు?

ఓనర్ గారు తిరిగి వచ్చాక పోయి అడిగాను. అడగడం కూడా మర్యాదగానే, "అన్నా, ప్లాను కొంచెం పెద్దది తీసుకుంటే మేము ఇంకో యాభై ఇస్తాం, లేకపోతే మమ్మల్ని వేరే పెట్టుకోనివ్వండి" అని. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "పొద్దస్తమానం ఇంట్లో ఉండేవాళ్ళకు అంత నెట్టు ఏమిటికమ్మా? మీ ఆయన అడిగితే ఒక లెక్క. సీరియళ్ళకు ఈ మాత్రం చాల్దా?"

మా ఆయన ఆ పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు. ఆయన రోజూ బస్సులో చిత్తూరు పోయి వస్తారు, ఆయన నెట్టు ఆయన ఆఫీసులో ఉంది. ఇంట్లో వేగం చాలకపోతే ఎవరు ఆపాలి అన్నదానికి మా ఇంట్లో ఎప్పుడూ చర్చ జరగలేదు. ఆయన ఆఫీసు పని మిగిలి ఉంటే అది ముందు. పాప పరీక్షలు తర్వాత. నా క్లాసు చివర. వరసలో చివరి బిందె అమ్మదే అని ఎవరూ చట్టం చేయలేదు, చేయకుండానే నడిచిపోతోంది. ఇంట్లోనూ ఇదే, బిల్డింగులోనూ ఇదే.

బయట లెక్కలు చూసినా ఇదే. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, జీవితంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగారు. రోజూ కాదు, ఎప్పుడైనా ఒక్కసారి. మన ఆంధ్రప్రదేశ్‌లో అవునన్న మగవాళ్ళు 48.8 శాతం, ఆడవాళ్ళు 21 శాతం. మనకన్నా వెనక బీహార్ ఒకటుంది, 20.6తో. దేశం మొత్తం మీద ఆడవాళ్ళలో మూడో వంతు వాడినప్పుడు మనం ఐదో వంతు దగ్గర ఆగిపోయాం. ఇంతమంది ఆడపిల్లలను ఇంజనీరింగు చదివించి అమెరికా పంపే రాష్ట్రం సంగతి ఇది! ఆ తర్వాత పరిస్థితి మారే ఉంటుంది, ఫోన్లు పెరిగాయి. కానీ "ఇంట్లో ఉండేవాళ్ళకు ఏమిటికి" అనే మాట ఎక్కడినుంచి వస్తోందో ఆ అంకెల్లో కనపడుతుంది.

ఇంట్లో ఉండేదానికి నెట్టు అక్కర్లేదు గానీ, నెట్టు పోతే దాని చాకిరీ మొత్తం ఇంట్లో ఉండేదానిదే. ఇది ఎవరైనా గమనించారా? ఫోన్ చేసి కంప్లెయింట్ పెట్టేది నేను. "పదకొండు నుంచి రెండు మధ్యలో వస్తాడు మేడమ్" అంటే ఆ మూడు గంటలు గడప దాటకుండా కూర్చునేది నేను. అతను నాలుగున్నరకు వచ్చి నిచ్చెన అడిగితే తెచ్చి ఇచ్చేది, టెర్రస్ తలుపు తీసేది, రౌటరు ఆపి ముప్పై అంకెలు లెక్కపెట్టి వేసేది, అన్నీ నేనే. సాయంత్రం ఇంటికొచ్చినవాళ్ళు చెప్పులు విప్పకముందే అడిగేది "నెట్టు వచ్చిందా?" అని. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు దానికి పెడుతుంటే, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని 2024 టైమ్ యూజ్ సర్వే చెప్పింది. లైన్‌మాన్ కోసం కాచుకుని కూర్చున్న మూడు గంటలను అందులో ఏ పని కింద రాసుకోవాలో నాకు తెలియదు. ఊరికే కూర్చున్నాను అని రాసుకుంటారేమో.

ఓనర్లది కూడా ఒక బాధ ఉంది, కాదనను. ఐదిళ్ళకు ఐదు కంపెనీలు వస్తే గోడకు ఐదు బెజ్జాలు, టెర్రస్ మీద కేబుళ్ళు చెట్టుకు ఊడల్లా వేలాడతాయి. ఖాళీ చేసి పోయేవాళ్ళు ఆ వైర్లు తీసుకుపోరు. మా వీధిలో కరెంటు స్తంభం చూస్తే స్తంభం కనపడదు, చుట్టలు చుట్టలుగా నల్ల వైర్లే. మన ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాల మీదుగానే ఊరూరికీ వచ్చింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ గారు అమరావతిలో దాన్ని ప్రారంభించారు. 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అంటే మా అమ్మ కూడా లెక్కలు వేసుకుంది. భూమిలో తవ్వకుండా స్తంభాల మీద లాగితే తొందరగా వస్తుంది, ఖర్చు తక్కువ. గాలివానకు, చెట్లు కొట్టేటప్పుడు, గంగజాతరకు పందిళ్ళు వేసేటప్పుడు తెగే బాధ కూడా ఆ స్తంభాలతోనే వస్తుంది. ఆ తెగడం ఎవరూ ఆపలేరు, సరే. కానీ ఒక కంపెనీ లైను తెగిన రోజు ఇంకో కంపెనీది పనిచేస్తుంది. అందుకే బిల్డింగు మొత్తాన్ని ఒకే తాడుకు కట్టేయకూడదు అంటున్నాను. గోడకు బెజ్జం గురించే బాధైతే, మెట్ల పక్కగా ఒక ప్లాస్టిక్ పైపు వేయించి అందరూ అందులోంచే తెచ్చుకోండి అంటే సరిపోతుంది. నీళ్ళ పైపులకు గోడలో దారి వదిలిన ఓనరుకు దీనికి వదలడం పెద్ద విద్యేం కాదు.

చట్టం మాట కూడా చెబుతాను. 2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఒకటుంది. ఇంటి యజమాని అద్దెకున్నవాళ్ళకు ఆపకూడని అత్యవసర సౌకర్యాలు ఏవో అందులో వరసగా రాశారు. నీళ్ళు, కరెంటు, పైపు గ్యాసు, మెట్ల మీద దీపాలు, లిఫ్టు, పారిశుధ్యం... ఆ వరసలోనే కమ్యూనికేషన్ లింకులు అని కూడా ఉంది. నీళ్ళున్న వాక్యంలోనే! ఇది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే దానికి బలం. వేరే కంపెనీని రానివ్వకపోవడం కూడా ఆపడం కిందికి వస్తుందా అన్నది లాయర్లు తేల్చాల్సిన మాట. అయినా దేశంలో అద్దె గురించి ఆలోచించి రాసినవాళ్ళకు నెట్టూ నీళ్ళూ ఒకే వరసలో కనిపించాయి. మా ఓనరుకు సీరియళ్ళు కనిపించాయి.

కేరళలో ఒక అమ్మాయి కథ ఇంకా బాగుంటుంది. కోజికోడ్ దగ్గర చేళన్నూరులో కాలేజీలో బీఏ చదివే ఫహీమా షిరిన్. ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్లు వాడకూడదని నియమం పెట్టారు. ఈ పిల్ల ఒప్పుకోలేదు, నాకు చదువుకోవడానికి కావాలి అంది. హాస్టలు నుంచి పంపించేశారు. హైకోర్టుకు పోయింది. 2019 సెప్టెంబరు 19న జస్టిస్ పి.వి. ఆశ తీర్పు చెప్పారు, ఇంటర్నెట్ వాడుకునే హక్కు చదువుకునే హక్కులోనూ, వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమేనని. ఆ పిల్లను మళ్ళీ హాస్టల్లో చేర్చుకోమన్నారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా డిజిటల్ సౌకర్యం అందడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమంది. ఆ కేసు వేసినవాళ్ళలో యాసిడ్ దాడికి గురైన మహిళలున్నారు. బ్యాంకు పనికి కెమెరా ముందు కళ్ళు ఆర్పమంటే ఆర్పలేనివాళ్ళు. అంత కష్టంలో ఉన్నవాళ్ళు సుప్రీంకోర్టు దాకా పోయి అడిగారు. నేను కింద పోర్షను దాకా పోయి అడగడానికి రెండేళ్ళు పట్టింది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకా చెప్పలేదు. కనెక్షను మన పేరు మీద లేకపోతే మనం ఎవరమూ కాదు. కంపెనీకి ఫోన్ చేస్తే "రిజిస్టర్డ్ నంబరు నుంచి చేయండి మేడమ్" అంటుంది. కంప్లెయింట్‌కు ఇచ్చే డాకెట్ నంబరు మనకు రాదు, దాని మీద పైవాళ్ళకు అప్పీలు చేసుకునే దారీ మనకు లేదు. మూడు పనిదినాలు దాటినా బాగుచేయకపోతే అద్దె తగ్గించి ఇవ్వాలని ట్రాయ్ 2006లోనే నియమం పెట్టింది. ఆ తగ్గింపు వచ్చినా బిల్లు ఎవరి పేరున ఉందో వాళ్ళకే. డబ్బులు మాత్రం మనం ఇస్తాం. అద్దె ఇళ్ళలో లక్షణంగా నడుస్తున్న పద్ధతి ఇది. దీన్ని సర్దుబాటు అంటారు.

1999లో దీపం పథకం వచ్చి గ్యాసు ఆడవాళ్ళ పేరున ఇచ్చినప్పుడు ఎంత తేడా వచ్చిందో మన అమ్మల తరానికి తెలుసు. బండ రాకపోతే ఏజెన్సీకి పోయి "నా పేరు మీద ఉంది, నాకు చెప్పండి" అని అడిగినవాళ్ళను నేను చూశాను. నెట్టు కూడా అంతే. వంటింటి పొయ్యికి మన పేరు, మిగతా ప్రపంచానికి వాళ్ళ పేరా?

పై అమ్మాయి దగ్గరికి నేనే పోయాను. ముందు నా మాటలకు క్షమించమని అడిగి, పెట్టెలో ఏముందో లెక్క చెప్పాను. ఆమె నోరు తెరిచింది. ఆ సాయంత్రమే పక్క పెద్దక్కను, కింద ఇంటావిడను, మొదటి అంతస్తులో ముందువైపు ఉండే టీచరమ్మను టెర్రస్ మీదికి పిలిచాం. రెండు ఏళ్ళ తర్వాత ఐదుగురం ఒకచోట కూర్చుని టీ తాగాం. పెద్దక్క వాళ్ళబ్బాయి గేములు ఆడేది ఫోన్ డేటాతోనట. నేను తల దించుకున్నాను.

మరుసటి రోజు ఐదుగురం కలిసి ఓనర్ గారింటికి పోయాం. ఆయన "ఏందమ్మా, దండయాత్రా?" అన్నారు. ఓనరమ్మ కూర్చోమంది. మేం అరవలేదు. వచ్చే నెల నుంచి ఎవరూ 250 ఇవ్వం, ఎవరికి కావలసింది వాళ్ళం పెట్టుకుంటాం, మెట్ల పక్కన పైపు మా ఖర్చుతో మేమే వేయిస్తాం, ఖాళీ చేసేటప్పుడు వైర్లు తీసేసి పోతాం అన్నాం. ఆయన గోడలు, పెయింటు అని చాలాసేపు చెప్పారు. మా ఆయనకు ఫోన్ కూడా చేశారు. ఈసారి మా ఆయన "ఆమెతోనే మాట్లాడండి సార్, నాకు తెలీదు" అన్నారట. అది మద్దతో తప్పించుకోవడమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను, ఏదైనా పనికొచ్చింది. నాలుగు రోజులకు ఓనరమ్మే మెట్లెక్కి వచ్చి చెప్పింది. "పెట్టుకోండమ్మా. మా ఇంట్లో కూడా ఇరవయ్యో తారీఖు నుంచి రావడంలా. ఈయన ఒప్పుకోడు గానీ."

పైపుకు, పనివాడికి కలిపి 2,400 అయింది, ఐదిళ్ళం ఇంటికి 480 వేసుకున్నాం. పై అమ్మాయీ నేనూ వేరువేరు కంపెనీలవి తీసుకున్నాం, ఒకరిది పోయిన రోజు ఇంకొకరిది వాడుకోవచ్చని. నా కనెక్షను నా పేరు మీద, నా ఆధార్ మీద, నా ఫోన్ నంబరు మీద ఉంది. నెట్టు ఇప్పుడు కూడా అప్పుడప్పుడు పోతుంది. పోయిన నెల రెండు రోజులు లేదు. కానీ డాకెట్ నంబరు నాకు వచ్చింది, లైన్ అబ్బాయి వచ్చే ముందు ఫోన్ నాకే చేశాడు.

పదకొండు నెలల అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు నీళ్ళు, కరెంటు మీటరు గురించిన షరతు కింద ఒక వాక్యం చేర్పించాను. "అద్దెదారు తనకు నచ్చిన సంస్థ నుంచి, తన పేరు మీద ఇంటర్నెట్ కనెక్షను తీసుకొనుటకు యజమానికి అభ్యంతరము లేదు." స్టాంపు పేపరు రాసేటాయన ఇట్లాంటిది ఎప్పుడూ రాయలేదన్నాడు. రాసి, దాని నకలు ఒకటి తన దగ్గర పెట్టుకున్నాడు. టీచరమ్మ ఆ వాక్యాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని, కరకంబాడి రోడ్డులో ఇల్లు వెతుకుతున్న వాళ్ళ చెల్లెలికి పంపింది. నిన్న డాలస్ తల్లికి నేనే మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. శనివారం ఏడు గంటలు ఖాళీగానే పెట్టుకున్నాను.